పెత్తనం ఎవరిది? పనివారి సహకార సంఘాల పాలన – ఒక చరిత్ర పాఠం



సంఘం అనే మాట వినగానే మనకు ఆదివారపు ఆరాధన, పాస్టరుగారు, సంఘ పెద్దలు, కానుక సంచి గుర్తుకు వస్తాయి. అదే మాట మదనపల్లెలో నీరుగట్టువారిపల్లెకు వెళ్ళి పట్టుచీర నేసే అన్నతో అనండి. ఆయన జరీ ధర గురించి, మజూరి గురించి మాట్లాడతాడు. పుంగనూరు పక్క పల్లెలో అంటే, పాలు పోసే చోటు, వెన్న శాతం, పదిహేను రోజులకొకసారి వచ్చే బిల్లు గుర్తుకొస్తాయి. కుప్పంలో ఒక అక్కతో అంటే పొదుపు పుస్తకం తెచ్చి చూపిస్తుంది. మాట ఒక్కటే. మూడు ఊళ్ళలో మూడు రకాల బ్రతుకులు దానిమీద ఆధారపడి ఉన్నాయి.

వీటన్నిటికీ కలిపి ఒక ప్రశ్న ఉంది. సంఘం పేరు అందరిదీ, సరే. మరి పెత్తనం ఎవరిది? అధ్యక్షుణ్ణి ఎవరు పెడతారు, ఎవరు తీసేస్తారు? ఒక ఊరి సంఘం పది ఊళ్ళ సంఘాలతో కలిసి ఒక పెద్ద సమాఖ్య అయినప్పుడు, ఆ పైన కూర్చున్నవారికి జవాబు చెప్పించే అధికారం క్రిందివారికి మిగులుతుందా? ఈ ప్రశ్నకు మన దేశం నూటికి పైగా సంవత్సరాల నుండి జవాబు వెదుకుతూనే ఉంది. ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం.

ముందుగా మగ్గం దగ్గర మొదలుపెడదాం. నేతపనిలో ఎక్కువమంది షావుకారు క్రింద పని చేస్తారు. పట్టు, జరీ, డిజైను అన్నీ షావుకారే ఇస్తాడు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ, ఒక్కోసారి పిల్లలు కూడా చేయి వేసి చీర నేసి ఇస్తే మజూరి లెక్క కట్టి చేతిలో పెడతాడు. ముందు తీసుకున్న అప్పు ఉంటే అందులో కోసుకుంటాడు. చీర బెంగళూరులో ఎంతకు అమ్మిందో నేసినవారికి తెలియదు. ఇందులో షావుకారు దుర్మార్గుడై ఉండనక్కరలేదు. మంచివాడైనా సరే, లెక్కల పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది.

సహకార సంఘం ఈ పద్ధతిని తలక్రిందులు చేస్తుంది. నేతగాళ్ళే వాటాలు కట్టి సభ్యులవుతారు. ముడిసరుకు సంఘం కొంటుంది, సభ్యులకు పంచుతుంది, నేసిన బట్ట తీసుకొని మజూరి ఇస్తుంది, అమ్ముతుంది. మిగిలిన లాభంలో కొంత నిధిగా ఉంచి, కొంత బోనస్‌గా పంచుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. వంద రూపాయల వాటా ఉన్నవాడికీ, వెయ్యి రూపాయల వాటా ఉన్నవాడికీ ఒకటే ఓటు. కంపెనీలో డబ్బు ఓటు వేస్తుంది. సంఘంలో మనిషి ఓటు వేస్తాడు.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1844లో ఇంగ్లాండులోని రోచ్‌డేల్ అనే ఊరిలో ఇరవై ఎనిమిది మంది పనివారు కలిసి చిన్న అంగడి పెట్టారు. వారిలో నేతగాళ్ళున్నారు. కాని మన దేశానికి దారి చూపించినది రోచ్‌డేల్ కన్నా ఎక్కువగా జర్మనీ. అక్కడ ఫ్రెడరిక్ రైఫైజెన్ అనే గ్రామాధికారి ఉండేవాడు. 1818లో పుట్టాడు. భక్తిగల ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. 1846, 47 సంవత్సరాల కరవులో ఆకలితో ఉన్న తన గ్రామస్థుల కోసం ధనవంతుల దగ్గర చందాలు పోగుచేసి, పిండి తెప్పించి, రొట్టె కాల్పించి ఇచ్చాడు. తరువాత కూడా ధనవంతుల సహాయంతోనే పేద రైతులకు అప్పులిచ్చే సంఘాలు నడిపాడు. కాని కొన్నాళ్ళకు ఇచ్చేవారి ఉత్సాహం చల్లారిపోయింది. అప్పుడు ఆయనకు ఒక సంగతి బోధపడింది. ఇచ్చేవాడు ఒక ప్రక్క, పుచ్చుకొనేవాడు ఒక ప్రక్క ఉన్నంతకాలం ఆ సంఘం నిలబడదు. 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పెట్టిన సంఘంలో అప్పు తీసుకొనేవారే సభ్యులు, వారే పూచీదారులు, పాలకవర్గాన్ని ఎన్నుకొనేవారూ వారే. ధర్మం నుండి స్వయంసహాయానికి ఆయన నడిచిన ఈ దూరాన్ని, పేదలకు సేవ చేయాలనుకొనే మన సంఘాలు కొంచెం ఆగి చూడాలని నా మనవి.

మద్రాసు ప్రభుత్వం తన అధికారి ఫ్రెడరిక్ నికల్సన్‌ను యూరపుకు పంపి ఈ సంఘాలను పరిశీలించమన్నది. ఆయన 1895లో, 1897లో పెద్ద నివేదికలిచ్చాడు. రైఫైజెన్ వంటి మనుషులను మీ దేశంలో వెదకండి అన్నదే వాటి సారాంశం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1912 చట్టంతో నేత, పాలు, అమ్మకం వంటి పనులకు కూడా సంఘాలు పెట్టుకోవడానికి, సంఘాలన్నీ కలిసి పై సమాఖ్యలు ఏర్పరచుకోవడానికి వీలు కలిగింది. అప్పటికి చిత్తూరు జిల్లా పుట్టి ఒక సంవత్సరమే అయింది. 1911లో కడప జిల్లా నుండి మదనపల్లె తాలూకాను, ఉత్తర ఆర్కాటు నుండి మరి కొన్ని ప్రాంతాలను కలిపి దాన్ని ఏర్పరచారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. రైఫైజెన్ సంఘాన్ని సభ్యులు పెట్టుకున్నారు. మన దగ్గర సంఘాన్ని చట్టం పెట్టింది, రిజిస్ట్రారు పెంచాడు. ఇంగ్లాండులో రిజిస్ట్రారు అంటే పేరు నమోదు చేసి, లెక్కలు దాఖలైతే చాలనుకొనే గుమాస్తా వంటివాడు. మన దేశంలో ఆయనే గురువు, ఆయనే తనిఖీదారు, కొట్లాట వస్తే తీర్పరి, కోపం వస్తే పాలకవర్గాన్ని రద్దు చేసేవాడూ ఆయనే. అక్షరం రాని రైతులు మోసపోకూడదని మంచి ఉద్దేశంతోనే ఇదంతా చేశారు. కాని బిడ్డకు నడక నేర్పించే చేయి ముప్పై ఏళ్ళు వచ్చాక కూడా వదలకపోతే ఆ బిడ్డ నడుస్తున్నట్టా?

నేతగాళ్ళ సంఘాల పై సమాఖ్య మద్రాసు రాష్ట్రంలో 1935లో వచ్చింది. ఇప్పుడు తమిళనాడులో కో-ఆప్టెక్స్ అనే పేరుతో మనకు తెలిసినది అదే. తెలుగు ప్రాంతంలో నేతన్నలను సంఘాలుగా కూర్చడానికి జీవితం ధారపోసినవారిలో నిడుబ్రోలుకు చెందిన ప్రగడ కోటయ్యగారు మొదట చెప్పుకోదగినవారు. 1976లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పై సంఘాలు రెండింటినీ కలిపి ఆప్కో ఏర్పరచారు. ప్రాథమిక సంఘాలు నేస్తాయి, ఆప్కో కొని దుకాణాల్లో అమ్ముతుంది. కాగితం మీద చూస్తే చాలా చక్కని నిర్మాణం. సభ్యులు ప్రాథమిక సంఘాన్ని ఎన్నుకుంటారు, ప్రాథమిక సంఘాలు పై సంఘాన్ని ఎన్నుకుంటాయి. అధికారం క్రిందనుండి పైకి పారాలి.

మన సి.ఎస్.ఐ. సంఘాల్లో కూడా ఇదే వరుస ఉన్నదని మీకు తెలుసు. సంఘస్థులు పాస్టరేట్ కమిటీని ఎన్నుకుంటారు, పాస్టరేట్ల ప్రతినిధులు డయోసిస్ కౌన్సిల్‌లో కూర్చుంటారు, డయోసిస్‌ల ప్రతినిధులు సినడ్‌లో కూర్చుంటారు. మదనపల్లె ప్రక్కన ఉన్న ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని కూడా ఒక్క మిషన్ కట్టలేదు. అనేక మిషన్లు కలిసి నడుపుకొన్నందువల్లనే యూనియన్ మిషన్ శానటోరియం అనే పేరు వచ్చింది. కనుక పొత్తు అనేది మనకు కొత్త సంగతి కాదు. పొత్తులో ఎవరి మాట చెల్లుతుందనేదే కష్టమైన సంగతి.

మరి ఆ నీరు క్రిందనుండి పైకి ఎందుకు పారలేదు? డబ్బు పైనుండి క్రిందికి వచ్చింది గనుక. 1954లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే కమిటీ, సంఘాల్లో ప్రభుత్వమే వాటాదారుగా చేరాలని సిఫారసు చేసింది. పేదవారి సంఘాలకు పెట్టుబడి ఎక్కడిది, ప్రభుత్వం చేయూత ఇవ్వాలి గదా అని. ఆ మాటలో కూడా తప్పు లేదు. ఆ తరువాత వచ్చిన 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం క్రింద ప్రభుత్వం వాటా పెట్టవచ్చు, పాలకవర్గంలో తన మనుషులను నియమించవచ్చు, పాలకవర్గాన్ని రద్దు చేసి పర్సన్ ఇన్‌ఛార్జిని కూర్చోబెట్టవచ్చు. ఎన్నికలు ఎప్పుడు జరగాలో కూడా ఆచరణలో ప్రభుత్వమే నిర్ణయించింది. ఏ పార్టీ గద్దెమీద ఉంటే ఆ పార్టీ ఈ తాళపుచెవిని వాడుకొన్నది. ఒక్క పార్టీని అనడం న్యాయం కాదు.

నేత సంఘాలకు ఇంకొక చిక్కు వచ్చింది. జనతా వస్త్రాలు, బడి పిల్లల యూనిఫారాలు వంటి ప్రభుత్వపు ఆర్డర్లు వచ్చినప్పుడు మగ్గాలు ఆడాయి. రానప్పుడు ఆగిపోయాయి. ఇచ్చిన బట్టకు డబ్బు నెలల తరబడి రాదన్నది నేత సంఘాల పాత ఫిర్యాదు. కొనేవాడూ ప్రభుత్వమే, వాటాదారూ ప్రభుత్వమే, తనిఖీదారూ ప్రభుత్వమే అయితే, బకాయి కోసం అడిగే నోరు ఎవరికి ఉంటుంది చెప్పండి. షావుకారు నుండి తప్పించుకోవాలని సంఘంలో చేరిన నేతన్న, మరొక పెద్ద షావుకారు వాకిట నిలబడ్డాడు. విసిగిపోయినవాడు మళ్ళీ పాత షావుకారు దగ్గరకే వెళ్ళాడు.

ఇక పాల సంగతి. పుంగనూరు పొట్టి ఆవులు పాలు తక్కువిచ్చినా చిక్కగా ఇస్తాయని పేరు. ఆ సీమలో కరవు వచ్చినప్పుడు చేను ఎండినా పాడి నిలబెడుతుంది. 1981లో మన రాష్ట్రం గుజరాత్‌లోని ఆనంద్ పద్ధతిని తీసుకొన్నది. ఊరిలో పాల సంఘం, జిల్లాలో యూనియన్, రాష్ట్రంలో ఫెడరేషన్. ఆనంద్‌లో ఈ మూడంతస్తులు రైతు ఓటు మీద నిలబడ్డాయి. మన దగ్గర చాలా చోట్ల అధికారుల మీద నిలబడ్డాయి. చిత్తూరు జిల్లా సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఎవరివల్ల మూతపడిందన్న దానిమీద రాజకీయ పక్షాలు ఈనాటికీ ఒకదానినొకటి నిందించుకుంటాయి. ఆ వాదంలోకి నేను పోను. 2023 జూలైలో దాన్ని అమూల్ ద్వారా తిరిగి తెరుస్తామని భూమిపూజ చేశారు. మూయడం గురించీ, తెరవడం గురించీ ఎన్నో ప్రసంగాలు విన్నాం. వాటిలో తక్కువగా వినిపించిన మాట, ఇన్నేళ్ళు పాలు పోసిన సభ్యుల అభిప్రాయం.

ఇంతా చెప్పి, మనవారు చేతులు ముడుచుకొని కూర్చున్నారని అనుకోకండి. 1995లో మన రాష్ట్రమే దేశానికి దారి చూపింది. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మ్యాక్స్ చట్టం అంటారు, ఆ సంవత్సరం వచ్చింది. హైదరాబాదులోని సహవికాస వంటి సంస్థలు ఎన్నో ఏళ్ళు పట్టుదలతో అడగగా అడగగా వచ్చిన చట్టమిది. ఇందులో నియమం సూటిగా ఉంది. ప్రభుత్వం వాటా పెట్టదు, కనుక పెత్తనం చేయదు. పాలకవర్గాన్ని రద్దు చేసి తన అధికారిని కూర్చోబెట్టే మార్గం లేదు. సకాలంలో ఎన్నికలు జరిపే బాధ్యత పాలకవర్గానిదే. నష్టం వస్తే భరించవలసినది కూడా సభ్యులే. స్వాతంత్ర్యానికి ఆ వెల ఉంది.

ఈ చట్టం క్రిందికి కొన్ని జిల్లాల పాల యూనియన్లు మారిపోయాయి. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో 2000 సంవత్సరంలో ఆడవారు తమ సొంత డెయిరీ పెట్టుకున్నారు. ఊరూరా మహిళల పాల సంఘాలు, వాటన్నిటికీ కలిపి ఒక యూనియన్, స్వకృషి అనే పేరుతో పాల ప్యాకెట్లు. అదే ఊరిలో 1956లో కాశీ విశ్వనాథరెడ్డిగారు మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు అప్పటికే నలభై ఏళ్ళుగా నడుస్తూ ఉంది. ఊరికి సంఘం నడిపే అలవాటు ఉంది గనుక ఆడవారు ధైర్యం చేశారనిపిస్తుంది. మన కుప్పం, పుంగనూరు, మదనపల్లె మండలాల్లోని మహిళా సమాఖ్యలు కూడా ఈ వరుసలోనివే. పొదుపు సంఘాల నుండి గ్రామ సంఘానికి, గ్రామ సంఘం నుండి మండల సమాఖ్యకు, అక్కడినుండి జిల్లా సమాఖ్యకు ప్రతినిధులు వెళ్తారు. వాటి వెనుక ప్రభుత్వ పథకం పెద్ద అండగా ఉన్నదన్నది వేరే సంగతి.

2006లో కథ మలుపు తిరిగింది. రాష్ట్ర ప్రభుత్వం మ్యాక్స్ చట్టాన్ని సవరించి, పాల యూనియన్లను మళ్ళీ 1964 చట్టం క్రిందికి లాగింది. పాత సంఘాలుగా ఉన్నట్టే భావిస్తామన్నది. వారు ఊరుకోలేదు, కోర్టుకు వెళ్ళారు. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. ప్రభుత్వ పక్షం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2011 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. తమ ఇష్టంతో ఒక చట్టం క్రింద సంఘంగా ఏర్పడినవారిని, వారిని అడగకుండా మరొక చట్టం క్రిందికి నెట్టడం సంఘంగా కూడే హక్కుకు విరుద్ధమని తేల్చింది. పాలు పితికే రైతుల సంఘాల విషయంలో దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పిన ఈ మాటను పెద్ద అక్షరాలతో వ్రాసి ప్రతి సంఘం ఆఫీసులో కట్టవచ్చు.

అదే సంవత్సరం పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణ చేసింది. సహకార సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కుల్లో చేరింది. అయిదేళ్ళకొకసారి ఎన్నికలు తప్పవన్నది, పాలకవర్గాన్ని రద్దు చేసినా ఆరు నెలలకు మించి ఉంచకూడదన్నది. మంచి నియమాలే. కాని సహకారం రాష్ట్రాల విషయమనీ, సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోకుండా చేశారనీ 2021 జూలైలో సుప్రీంకోర్టు వాటిని రాష్ట్ర సంఘాల వరకు కొట్టివేసింది. ఒకటికంటె ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలకు మాత్రమే అవి మిగిలాయి.

ప్రియులారా, ప్రభుత్వం చేయి తీసేస్తే అన్నీ సరిపోతాయా? ఈ ప్రశ్నకు జవాబు కోసం కొంచెం దూరం వెళ్ళాలి. దారిలో బెంగళూరులో ఒక్క నిమిషం ఆగుదాం. కుప్పం నుండి రోజూ రైలెక్కి అక్కడికి పనికి వెళ్ళేవారు మీలో ఎందరో ఉన్నారు. ఇండియన్ కాఫీ హౌస్ పేరు విని ఉంటారు. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేస్తే, ఉద్యోగం పోయిన సర్వర్లు, వంటవారు 1957లో సహకార సంఘాలుగా కూడి వాటిని తామే నడుపుకొన్నారు. అందులో ఎ.కె.గోపాలన్ వారికి ముందు నిలబడ్డారు. ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క సంఘం, దేనికది స్వతంత్రం. తలపాగా కట్టుకొని మీకు దోసె తెచ్చి పెట్టే మనిషి ఆ హోటలుకు యజమాని కూడా కావచ్చు.

ఇక స్పెయిన్ దేశపు బాస్క్ ప్రాంతంలోని మోండ్రగాన్‌కు వెళ్దాం. పనివారి సంఘాల సమాఖ్యల్లో ప్రపంచంలోకెల్లా పేరున్నది అదే. దానికి మూలపురుషుడు ఒక క్యాథలిక్ గురువు, హోసే మరియా అరిజ్మెండియారియెటా. చిన్నతనంలోనే ఒక కన్ను పోగొట్టుకొన్నాడు. అంతర్యుద్ధంలో ఓడిన పక్షం పత్రికలో పనిచేసి జైలు చూశాడు. 1941లో ఆ ఊరికి యువ గురువుగా వచ్చేసరికి ఊరంతా యుద్ధపు గాయాలు, నిరుద్యోగం. ఆయన గుడిలో ప్రసంగాలు అంత బాగా చెప్పేవాడు కాదని అక్కడివారే చెప్పుకొనేవారు. 1943లో కార్మికుల పిల్లల కోసం ఒక చిన్న వృత్తి పాఠశాల పెట్టాడు. పదమూడేళ్ళు గడిచాక అందులో చదివిన అయిదుగురు 1956లో ఉల్గోర్ అనే పనివారి సంఘాన్ని మొదలుపెట్టారు. వారి పేర్లలోని అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. స్టవ్వులు తయారు చేశారు. 1959లో తమ బ్యాంకు పెట్టుకున్నారు. తరువాత తమ పింఛను నిధి, తమ విశ్వవిద్యాలయం. ఇప్పుడు దాదాపు ఎనభై సంఘాలు, డెబ్బై వేలకు మించిన పనివారు. ఆ గురువు 1976లో కన్నుమూసే వరకు ఒక్క సంఘంలో కూడా మేనేజరు పదవి తీసుకోలేదు. సలహా చెప్పాడు, పెత్తనం చేయలేదు. మన మధ్య సేవా సంస్థలు పెట్టి, వాటికి జీవితకాల అధ్యక్షులుగా ఉండిపోయేవారికి ఈ ఒక్క సంగతి వినిపించాలని ఉంది.

అక్కడి పాలన ఇలా ఉంటుంది. ప్రతి సంఘంలోనూ సర్వసభ్య సమావేశమే పై అధికారం. ఊడ్చే మనిషికీ ఇంజనీరుకూ ఒకటే ఓటు. ఆ సమావేశం పాలక మండలిని ఎన్నుకుంటుంది. పాలక మండలి మేనేజరును నియమిస్తుంది, పని నచ్చకపోతే తీసేస్తుంది. ఇంతవరకు మన చట్టాల్లో కూడా ఉన్నదే. వారు అదనంగా పెట్టుకొన్నది సామాజిక మండలి. దీన్ని ఒక్కొక్క విభాగంలో పనిచేసేవారు వేరుగా ఎన్నుకుంటారు. ఎందుకు? సభ్యుడు ఒకే మనిషి అయినా రెండు టోపీలు పెట్టుకొంటాడు. యజమానిగా లాభం చూస్తాడు, పనివాడిగా జీతం, భద్రత, మేస్త్రీ మాటతీరు చూస్తాడు. యజమాని గొంతుకు పాలక మండలి ఉంటే, పనివాడి గొంతుకు కూడా ఒక చోటు ఉండాలి. అపొస్తలుల కార్యములలో విధవరాండ్రకు ఆహారం పంచే విషయంలో సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు తామే ఏడుగురిని నియమించకుండా ఎన్నుకోమని సమూహానికి చెప్పిన సంగతి మీకు గుర్తుకు రావచ్చు. ఫిర్యాదుకు ఒక ద్వారం లేకపోతే అది గోడ పగులగొట్టుకొని వస్తుంది.

మోండ్రగాన్‌లో అలాగే వచ్చింది కూడా. 1974లో ఉల్గోర్ బాగా పెద్దదై, వేలమంది పనివారితో ఉంది. ఏ పనికి ఎంత విలువ కట్టాలన్న కొత్త లెక్క కొందరికి అన్యాయమనిపించి, సమ్మె చేశారు. సొంత సంఘం మీద సమ్మె! పాలక మండలి నాయకులను బయటకు పంపించింది. సర్వసభ్య సమావేశం ఓటు వేసి ఆ నిర్ణయాన్నే బలపరచింది. కొన్నేళ్ళ తరువాత వారిని తిరిగి చేర్చుకొనేందుకు ఒప్పుకొన్నారు. ఈ గాయం తరువాత వారు చాలా ఆలోచించారు. సంఘం మరీ పెద్దదైతే ఒకరి ముఖం ఒకరికి తెలియదు, ఓటు ఉన్నా మాట వినపడదు. పెద్ద సంఘం కన్నా చిన్న సంఘాల పొత్తు మేలు అనుకొన్నారు.

ఆ పొత్తు ఎలా నడుస్తుందో చూడండి. ఒక్కొక్క సంఘం స్వతంత్రమే. కొన్ని కొన్ని కలిసి లాభనష్టాల్లో కొంత భాగం పంచుకుంటాయి. ఒక సంఘంలో పని తగ్గితే పనివారిని మరొక సంఘంలోకి పంపుతారు. 1987 నుండి అన్ని సంఘాల ప్రతినిధులతో సహకార మహాసభ జరుగుతోంది, ఆరు వందల యాభై మంది వరకు కూర్చుంటారు. జీతాల్లో ఎక్కువ తక్కువల హద్దు వంటి పెద్ద నియమాలు అక్కడే తేలతాయి. మొదట్లో అతి తక్కువ జీతానికి మూడు రెట్లు మించకూడదన్నారు. తరువాత ఆ హద్దు ఆరు వరకు, కొన్నిచోట్ల ఇంకా పైకి జరిగింది. అయినా బయటి కంపెనీల్లో ఉండే వందల రెట్లతో పోల్చి చూడండి.

పొత్తుకు పరీక్ష 2013లో వచ్చింది. ఉల్గోర్ నుండి ఎదిగిన ఫాగోర్ గృహోపకరణాల సంఘం అప్పుల్లో కూరుకుపోయింది. తోటి సంఘాలు అప్పటికే చాలా డబ్బు పోశాయి. ఇంకా పోయాలా వద్దా? పోస్తే ఒకదానితో పాటు అన్నీ మునుగుతాయి. పోయకపోతే పెద్దన్నను వదిలేసినట్టు. చివరకు ఇక పోయలేమని సమాఖ్య తేల్చింది. ఫాగోర్ మూతపడింది. సభ్యుల్లో ఎక్కువమందికి ఇతర సంఘాల్లో పని చూపించారు, కొందరికి ముందుగా విశ్రాంతి ఇచ్చారు. పొదుపు మొత్తాలు సంఘంలోనే ఉంచినవారు, రిటైరైన వృద్ధులతో సహా, ఆ డబ్బు పోగొట్టుకొన్నారు. వీధుల్లోకి వచ్చి ఏడ్చారు. ఇక్కడ పెత్తనం చేసే రిజిస్ట్రారు లేడు, మంత్రి లేడు. నష్టమూ వారిదే, నిర్ణయమూ వారిదే. ఇదీ స్వాతంత్ర్యమే, అంత తియ్యగా ఉండదు.

ఇంకొక లోటు కూడా దాచకుండా చెప్పాలి. మోండ్రగాన్ సంఘాలు ఇతర దేశాల్లో కొన్న కర్మాగారాల్లో పనిచేసేవారు చాలావరకు సభ్యులు కారు. వారికి జీతమే గాని ఓటు లేదు. అంటే ఒకప్పుడు షావుకారు చేతిలో ఉన్న లెక్కల పుస్తకం, అక్కడివారి దృష్టిలో, ఇప్పుడు ఆ సంఘాల చేతిలో ఉన్నట్టే. దీని గురించి వారిలో వారికే చాలా కాలంగా వాదన జరుగుతోంది.

2022 డిసెంబరులో మరొక సంగతి జరిగింది. లిఫ్టులు తయారుచేసే ఓరోనా, నిర్మాణ సామగ్రి వగైరా చేసే ఉల్మా, ఈ రెండూ సమాఖ్యలో బలమైన సంఘాలు. పైన ఉన్న నియమాలు తమకు ఇరుకుగా ఉన్నాయని, బయటకు వెళ్ళాలా అని తమ సభ్యులను అడిగాయి. రెండు చోట్లా డెబ్బై శాతానికి పైగా బయటకు వెళ్దామని ఓటు వేశారు. వెళ్ళిపోయారు. పనివారి సంఘాలుగానే కొనసాగుతున్నారు. సమాఖ్యకు బాధ కలిగింది, ఆపే అధికారం మాత్రం లేదు. సంఘం పొత్తులో చేరినప్పుడు తలుపు లోపలి గొళ్ళెం తన చేతిలోనే ఉంచుకొన్నది.

ఇప్పుడు మళ్ళీ మన ఊరికి వద్దాం. మన రాష్ట్రంలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో రైతులు చివరిసారి ఓటు వేసినది 2013లో. అయిదేళ్ళ గడువు 2018లో ముగిసింది. ఆ తరువాత ప్రభుత్వాలు మారాయి, ఎన్నికలు మాత్రం జరగలేదు. పర్సన్ ఇన్‌ఛార్జి కమిటీలు వచ్చాయి. 2025లో కూడా ప్రభుత్వం త్రిసభ్య కమిటీలనే నియమించింది. రైతు అప్పు, ఎరువు, విత్తనం నడిపే సంఘాలివి. మదనపల్లె టమాటా రైతుకూ, కుప్పం రైతుకూ ఇవే దగ్గరి దిక్కు. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగాయి.

వింటున్న మీలో ఎవరైనా పాల సంఘంలోనో నేత సంఘంలోనో పొదుపు సమాఖ్యలోనో సభ్యులై ఉంటే, ఈ వారంలో ఒకసారి ఆఫీసుకు వెళ్ళి బైలాల పుస్తకం అడగండి. సభ్యులకు చూపించవలసిన పుస్తకమే అది. పాలకవర్గం గడువు ఎప్పుడు ముగుస్తుందో, సర్వసభ్య సమావేశం ఎంతమంది అడిగితే పిలవాలో, పై సమాఖ్యలో మీ తరపున కూర్చున్నవారు ఎవరో, వారిని ఎవరు పంపారో అందులోనూ, మినిట్స్ పుస్తకంలోనూ ఉంటుంది. చదవడం రానివారు పిల్లలచేత చదివించుకోండి.